సున్న చూపిన మీటరు

మహబూబ్‌నగర్

చిన్నూ, చిట్టీ,

మొన్న సెలవులకొచ్చినప్పుడు పొద్దుగూకంగ గొర్లు దొడ్లకు మళ్ళుతుంటే చిన్నుగాడు తడక కాడ నిలబడి లెక్కబెట్టిండు, యాదికున్నదా? ఒక్కొక్కటి వచ్చినంతసేపు నలభై దాకా బాగనే చెప్పిండు. ఎనక కుక్క మొరిగేసరికి అన్నీ ఒక్కసారే ఎగబడ్డయి. అంకె నోట్లనే ఉండిపాయె. 1958ల ఒక అమెరికా ఉపగ్రహానికి గూడ అచ్చం ఇట్లనే అయింది.

దాని పేరు ఎక్స్‌ప్లోరర్-1. జనవరి 31న పైకి పోయింది. అయోవా యూనివర్సిటీ ప్రొఫెసర్ జేమ్స్ వాన్ అలెన్ దాంట్ల గైగర్ కౌంటర్ పెట్టించిండు. రేణువు తగిలితే ఒక టిక్కు, అంతే. కిందున్నప్పుడు లెక్క సక్కగ వచ్చేది. బాగ పైకి పోతే సున్న! అక్కడేం లేదనుకోవాల్నా, మీటరు చెడిపోయిందనుకోవాల్నా? మార్చిల పోయిన ఎక్స్‌ప్లోరర్-3ల టేప్ రికార్డర్ గూడ ఉండె, అందుకని చుట్టంతటి లెక్క చేతికొచ్చింది. అంకె గబగబ పెరిగి పెరిగి ఠక్కున సున్నకు పడుతున్నది. వాన్ అలెన్ శిష్యుడు కార్ల్ మెక్‌ఇల్వెయిన్ అసొంటి కౌంటర్‌నే ఎక్స్‌రే ముందట పెట్టి చూసిండు. రేణువులు మరీ ఎక్కువైతే అది మూగబోతది. ఒక టిక్కు కొట్టి తేరుకునే సందు దొరకదు దానికి. ఆ సున్న వట్టి సున్న కాదు, తడక ఇరిగేంత మంద.

భూమి అయస్కాంతానికి చిక్కిన రేణువులు దాని చుట్టు పట్టీల లెక్క తిరుగుతుంటయి, వాటినే బెల్టులంటరు. అప్పుడు దొరికింది లోపలి బెల్టు, ప్రోటాన్ల జోరు అక్కడ. బయటి బెల్టు ఎలక్ట్రాన్లది. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఎలక్ట్రాన్ కాంతి వేగంల 94 శాతంతో ఉరుకుతది. భూమి అయస్కాంత రేఖల చుట్టు మెలికలు తిరుగుకుంట ఉత్తరం నుంచి దక్షిణానికి, మళ్ల ఎనకకు. అట్ల ఊగుకుంటనే తూర్పు దిక్కు జరుగుతది. పుస్తకాలల్ల బెల్టును సైకిల్ ట్యూబు లెక్క గీస్తరు. ఆ బొమ్మ నాకు నచ్చదు, అందులో ఉరుకులాట కనబడదు.

2012 ఆగస్టు 30న నాసా వాళ్ళు ఉపగ్రహాల జంటను ఆ బెల్టులల్లకే పంపిండ్రు. ఈసారి సిలికాన్ బిళ్లలు ఒకదాని ఎనక ఒకటి పేర్చిన పరికరం. ఎలక్ట్రాన్ ఎన్ని బిళ్లలు దాటింది, ఒక్కోదాంట్ల ఎంత శక్తి ఇడిచింది చూసి దాని బలం లెక్కగడతరు. మూడో దినానికే దాన్ని ఆన్ చేసిండ్రు, ఆ తొందరే కలిసొచ్చింది. రెండు బెల్టుల నడుమ సన్నగ మూడోది కనబడ్డది! నాలుగు వారాలుండి, సూర్యుని దిక్కు నుంచి వచ్చిన ఒక్క తాకిడికి చెదిరిపోయింది.

మన డాబా మీది డిష్ చూసే ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున, ఆ బయటి బెల్టులనే తిరుగుతది. ఎలక్ట్రాన్లు రేకు దాటుకొని లోపలి తీగల ప్లాస్టిక్‌ల ఇరుక్కుంటయి. పోగై పోగై ఒకనాడు చిటుక్కుమంటయి, చలికాలం స్వెటరు ఇప్పుతుంటే అన్నట్టు. అక్కడ ఆ చిటుకు సర్క్యూటుకు తగులుతది. వానకు టీవీ ఆగితే మాత్రం ఎలక్ట్రాన్లను తిట్టకుండ్రి, అది మబ్బు పని.

కాపరి నవ్విండని అలిగినవు గద చిన్నూ, నువ్వెట్ల లెక్కబెడతవని ఆయననే అడిగిన. తడక ఒక మూరే తెరుస్తడట. సంక్రాంతికొస్తే చూపిస్తనన్నడు.

మీ తాత