కోట్లలో చెప్పే డీఎన్ఏ అంకెను పరీక్షించేదెలా?

"ఈ మరకలో నిందితుడి డీఎన్ఏ ఉంటే ఇలాంటి ఫలితం వచ్చే అవకాశం, లేకపోతే వచ్చే అవకాశం కంటే పది లక్షల రెట్లు ఎక్కువ" అని కోర్టులో నిపుణుడు చెప్పగానే వినేవాళ్లు "అయితే వీడే చేశాడు" అనేసుకుంటారు. కానీ ఆ నిష్పత్తి చెప్పేది సాక్ష్యం ఎటువైపు ఎంత మొగ్గుతోందో మాత్రమే. డీఎన్ఏ అక్కడికి ఎప్పుడు, ఎలా చేరిందో కూడా అది చెప్పదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటి: అసలు ఆ అంకె సరైనదేనా? ఒకే మనిషి రక్తమైతే పెద్ద పేచీ లేదు. అదే తుపాకీ పిడి మీద ముగ్గురు నలుగురి చేతులు పడితే డీఎన్ఏ పరీక్ష ఇచ్చే గ్రాఫులో ఒక్కొక్కరి శిఖరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి, డీఎన్ఏ మరీ తక్కువైతే కొన్ని కనిపించకుండానే పోతాయి, అప్పుడు లెక్క సాఫ్ట్‌వేర్ కట్టాల్సిందే. 2016లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక హత్య కేసులో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన ట్రూఅల్లీల్ ఏమీ తేల్చలేకపోయింది, ఇంకొకటైన ఎస్‌టీఆర్‌మిక్స్ మాత్రం నిందితుడి వైపు చూపింది. నమూనాను పరీక్షించిన ల్యాబ్ తన దగ్గర ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిచూసుకోలేదని జడ్జి ఆ ఫలితాన్ని పక్కన పెట్టారు. సరిగ్గా చేశారనే నా అభిప్రాయం.

సరిచూడటానికి గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ పేరుతో చెప్పుకునే చక్కటి సూత్రం ఒకటుంది. ఎవరెవరి డీఎన్ఏ కలిపామో మనకు తెలిసిన మిశ్రమాన్ని ల్యాబ్‌లో తయారుచేసి, అందులో లేని లక్షమంది డీఎన్ఏ ప్రొఫైళ్లను ఒక్కొక్కటిగా దానితో పోల్చమని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. లెక్క నిజాయితీగా ఉంటే వాళ్లలో వెయ్యి లేదా అంతకుమించి నిష్పత్తి వచ్చేవాళ్లు సగటున వందమందిని, అంటే లక్షలో వెయ్యోవంతును, దాటకూడదు. తొమ్మిది వందలమందికి వచ్చిందంటే ఆ సాఫ్ట్‌వేర్ చెప్పే "వెయ్యి"కి అంత విలువ లేనట్టే. చిక్కేమిటంటే, వంద కోట్ల లాంటి అంకెను ఇలా నేరుగా పరీక్షించడం దాదాపు అసాధ్యం, అక్కడ మనం నమ్ముతున్నది సాఫ్ట్‌వేర్ వెనకున్న లెక్కల మోడల్‌నే. అందుకే ఎంతవరకు పరీక్షించారో రిపోర్టులో రాసి తీరాలి.

పరీక్షించిన నమూనాలు కూడా కేసులోని నమూనా లాంటివే అయ్యుండాలి. అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి 2016లో ఈ సాఫ్ట్‌వేర్ లెక్కల పద్ధతికి తగిన ఆధారం ఉందని ఒప్పుకున్నది ముగ్గురి మిశ్రమం వరకే, అదీ తక్కువ వాటా ఉన్న మనిషిది కనీసం 20 శాతం ఉంటేనే.

ఇక మరకలోది నిందితుడి డీఎన్ఏ కాకపోతే "వేరెవరిదో" అన్నప్పుడు ఆ వేరెవరు? ముక్కూమొహం తెలియని మనిషి అనుకుని కట్టిన లెక్క, నిందితుడి సొంత తమ్ముడు కావచ్చు అనగానే అమాంతం పడిపోతుంది, తోబుట్టువుల డీఎన్ఏ అంతగా కలుస్తుంది మరి. తమ్ముడి మీద అనుమానానికి చోటున్న కేసులో ఆ రెండో అంకె కూడా జడ్జి ముందుకు రావాలి.