రిఫరీలకు మార్కులు వేసేదెవరు?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ సీజన్ నడిచినన్నాళ్లూ ఆదివారం ఆటల మీద సోమవారం ఒకటే రచ్చ. ఫలానా చోట ఫ్లాగ్ (ఫౌల్ జరిగిందని విసిరే గుడ్డ) ఎందుకు వేశారు, ఫలానా చోట ఎందుకు వెయ్యలేదు? అభిమాని అడిగేది ఇంతవరకే. లీగ్ ఆఫీసులో వీడియో ముందు కూర్చున్న సూపర్‌వైజర్ ఇంకో సంగతి కూడా చూస్తాడు. ఆ క్షణంలో ఆ అఫీషియల్ ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి మీద కన్నేసి ఉంచాడు? దీన్నే మెకానిక్స్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్లో అంపైరింగ్ గొడవలన్నిటి వెనకా ఈ రెండు చూపుల మధ్య తేడా ఉంది.

ఇప్పుడు మైదానంలో ఏడుగురు అఫీషియల్స్ ఉంటారు. వాళ్లలో తెల్ల టోపీ పెట్టుకున్న ఒక్కరే రిఫరీ. నాలుగో మనిషి 1929లో, ఐదో మనిషి 1947లో, ఆరో మనిషి 1965లో, ఏడో మనిషి 1978లో వచ్చారు. పాస్‌లు పెరిగి ఆట మైదానం నిండా పరుచుకునే కొద్దీ కళ్లూ పెంచాల్సి వచ్చింది. రిఫరీ చూపు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద. రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే లైన్‌కి రెండు చివర్లా ఇద్దరు. వెనక లోతుగా ముగ్గురు. బంతి కదిలే ముందు ఎవరు ఏ ఆటగాణ్ని గమనించాలో కూడా ముందే రాసిపెట్టి ఉంటుంది. పాపం ఆ ఏడుగురిలో ఒకడైన అంపైర్ అయితే ఏళ్ల తరబడి డిఫెన్స్ ఆటగాళ్ల మధ్యనే నిలబడి గుద్దులు తిన్నాడు. ఆ స్థానాన్ని అటాకింగ్ జట్టు వెనక్కి మార్చింది 2010లోనే.

వీళ్ల పనిని కొలవాలన్న ఆలోచన పాతదే. 1938లో లీగ్ టెక్నికల్ సలహాదారుగా వచ్చిన హ్యూ 'షార్టీ' రే స్టాప్‌వాచ్ పట్టుకుని ఆటను కొలిచాడు, అఫీషియల్స్‌కి రూల్స్ మీద పరీక్షలు పెట్టాడు. కానీ అసలు మలుపు 1968లో. అంతకు ముందు రిఫరీగా చేసిన ఆర్ట్ మెక్‌నలీ ఆ ఏడాది సూపర్‌వైజర్ అయ్యాడు. ఫిల్మ్ వేసి చూసి, ఒక్కో అఫీషియల్‌కి గ్రేడ్ ఇచ్చే పద్ధతిని లీగ్‌లో స్థిరపరిచింది ఆయనే. ఒక ఆటలో దాదాపు 150 ప్లేలు, అంటే బంతి కదిలింది మొదలు ఆగేదాకా ఒక్కో విడత. ప్రతి ప్లేలో ప్రతి అఫీషియల్ చేసినదీ, చెయ్యనిదీ లెక్కే. సీజన్ చివరి నాకౌట్ ఆటలైన ప్లేఆఫ్స్ ఎవరికి దక్కాలి, ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఎవరు చెయ్యాలి అన్నది ఈ గ్రేడ్ల మీదే ఆధారపడుతుంది. మెక్‌నలీని 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

చిక్కేమిటంటే, అదే ఫిల్మ్ టీవీ ద్వారా ఇంటింటికీ చేరింది. నిర్ణయాలను వీడియోలో సరిచూసే రీప్లేను 1986లో మొదలుపెట్టి, 1991 సీజన్ తర్వాత ఆపేశారు. 1998 డిసెంబర్ 6న జెట్స్, సీహాక్స్ ఆట చివర్లో క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టవర్డే గోల్ లైన్ మీదికి దూకాడు. హెల్మెట్ గీత దాటింది, బంతి దాటలేదు. పక్క నుంచి పరుగెత్తుకొచ్చిన హెడ్ లైన్స్‌మన్ అనే అఫీషియల్ టచ్‌డౌన్ (బంతి ఆ గీత దాటితే వచ్చే స్కోరు) ఇచ్చేశాడు. జెట్స్ 32-31తో గెలిచారు. మరుసటి ఏడాదే రీప్లే తిరిగొచ్చింది, ఈసారి కోచ్‌లకు చెరి రెండు ఛాలెంజ్‌లతో. క్రికెట్‌లో డీఆర్ఎస్ అలవాటైన మనకు ఇది కొత్తగా అనిపించదు గానీ, మన డీఆర్ఎస్ ఇంకా పుట్టని రోజులవి.

మెకానిక్స్ విలువ జనానికి తెలిసొచ్చింది మాత్రం 2012లో. జీతాలు, పెన్షన్ల దగ్గర పేచీ వచ్చి లీగ్ తన అఫీషియల్స్‌ని పనిలోకి రానివ్వలేదు. చిన్న స్థాయి కాలేజీ ఆటల నుంచీ మరో చోటి నుంచీ తెచ్చిన మనుషులతో సీజన్ మొదలుపెట్టింది. సెప్టెంబర్ 24 రాత్రి సియాటిల్‌లో ఆఖరి ప్లే. గ్రీన్ బే 12-7తో ముందుంది. సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ గోల్ లైన్ అవతలి ఎండ్ జోన్‌లోకి బంతి విసిరాడు. గాల్లోకి లేచిన గుంపులో గ్రీన్ బే ఆటగాడు జెన్నింగ్స్, సియాటిల్ ఆటగాడు టేట్ ఇద్దరూ బంతిని పట్టుకునే కింద పడ్డారు. ఇద్దరు అఫీషియల్స్ దగ్గరికి వచ్చారు. ఒకరు రెండు చేతులూ పైకెత్తి టచ్‌డౌన్ అన్నారు. అడుగు దూరంలో ఉన్న రెండోవారు గడియారం ఆపమని తల మీద చేతులూపారు. ఎవరి సిగ్నల్ వారిదే! సియాటిల్ 14-12తో గెలిచింది.

బంతి ఎవరిదన్న వాదన నేటికీ తెగదు. నాకు తప్పుగా కనిపించేది దానికి ముందు జరిగినది. ఇద్దరు ఒకే ప్లే దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఎత్తేలోపు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి, మాట్లాడుకోవాలి. అఫీషియల్స్‌కి మొదట్లోనే నేర్పే పాఠం అది. పైగా టేట్ అంతకు ముందే ఇంకో ఆటగాణ్ని తోసేశాడు, దానికి ఫ్లాగ్ పడాల్సిందని లీగే మర్నాడు ఒప్పుకుంది. రెండు రోజుల్లో ఒప్పందం కుదిరింది, 27వ తేదీకి పాత అఫీషియల్స్ మైదానంలో ఉన్నారు.

అంతమాత్రాన వాళ్లు తప్పులు చెయ్యరని కాదు. 2018 అక్టోబర్‌లో పనితీరు బాగాలేదని డౌన్ జడ్జి అనే స్థానంలో పనిచేసే ఒక అఫీషియల్‌ని సీజన్ మధ్యలోనే తీసేశారు. ఆ తర్వాత 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో, సూపర్ బౌల్‌కి ముందరి మెట్టులో, బంతి చేరక ముందే సెయింట్స్ ఆటగాణ్ని రామ్స్ ఆటగాడు గుద్దేసినా ఒక్క ఫ్లాగూ పడలేదు. రామ్స్ ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. ఆ వేడిలో, బంతి అందుకోబోయే ఆటగాణ్ని ఇలా అడ్డుకునే ఫౌల్‌ని, అంటే పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని కూడా రీప్లే కిందికి తెచ్చారు, ఒక్క సీజన్ నడిపి వదిలేశారు.

గ్రేడ్ల కాగితం మాత్రం ఎన్నడూ బయటికి రాదు. అసలు కోపం అక్కడే ఉంది, అది న్యాయమైనదే. ఆట అయ్యాక రిఫరీని ప్రశ్నలడిగేది కూడా అందరి తరఫునా ఒక్క విలేకరే. ఆ న్యూ ఆర్లీన్స్ ఆట తర్వాత రిఫరీ బిల్ వినోవిచ్, అది దగ్గరున్న అఫీషియల్ నిర్ణయమనీ, తాను ఆ ప్లే చూడలేదనీ జవాబిచ్చాడు. ఊరంతా మండిపడింది. కానీ మెకానిక్స్ ప్రకారం చూస్తే ఆ సమయంలో రిఫరీ కళ్లు ఉండాల్సింది క్వార్టర్‌బ్యాక్ మీదే. పక్క గీత దగ్గర నిలబడినవాళ్లు ఎందుకు చూడలేదో, వాళ్లకు ఏ గ్రేడ్ పడిందో ఆ జవాబులో లేదు.