ఆసుపత్రి తుడిచే పని: బ్లీచింగ్ పౌడర్ నుంచి టెండర్ దాకా

ఆమధ్య ఒక బంధువుకు తోడుగా ఓ ఆసుపత్రిలో మూడు రాత్రులు ఉండాల్సి వచ్చింది. తెల్లవారుజామున అయిదింటికి ఒకావిడ బకెట్, మాప్ కర్రతో వచ్చేది. ఇరవై మంచాల వార్డు, ఒకటే బకెట్. నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి నీళ్లు టీ రంగుకు తిరిగేవి. నేల మాత్రం తళతళలాడేది, ఫినాయిల్ వాసన గుప్పుమనేది. మంచం పక్క కడ్డీ, సెలైన్ స్టాండు, బాత్రూం గడియ మాత్రం ఆ మూడు రోజులూ గుడ్డ మొహం చూడలేదు. అడిగితే, "నేల వరకే నా డ్యూటీ సార్, పైనవి సిస్టర్లు చూసుకుంటారు" అంది. సిస్టర్‌ని అడిగితే అది శానిటేషన్ వాళ్ల పని అంది.

ఇది ఎవరి పని అన్న గొడవ నిన్నా మొన్నటిది కాదు.

1847లో వియన్నా జనరల్ హాస్పిటల్‌లో బాలింతలు జ్వరమొచ్చి చనిపోతుంటే, శవాలు కోసిన చేతులతోనే వైద్య విద్యార్థులు కాన్పులు చేస్తున్నారని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ గుర్తించాడు. క్లోరిన్ కలిసిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు జూన్ కల్లా రెండుకు పడిపోయాయి. ఆ సున్నం మరేదో కాదు, వరదలొచ్చి వెళ్లాక మన వీధుల్లో పంచాయతీ వాళ్లు చల్లే బ్లీచింగ్ పౌడరే. తమ చేతులే మురికివని చెబితే పెద్ద డాక్టర్లు ఒప్పుకుంటారా? ఒప్పుకోలేదు.

ఏడేళ్ల తర్వాత క్రిమియా యుద్ధం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. లాంతరు పట్టుకున్న ఆమె బొమ్మ మన స్కూలు పుస్తకాల్లోనూ ఉండేది. ఆ బొమ్మ చెప్పని సంగతి ఒకటుంది. ఆమె వెళ్లాక కూడా చావులు పెరుగుతూనే పోయాయి. 1855 ఫిబ్రవరిలో చేరినవాళ్లలో నూటికి 42 మంది పోయారు. మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చి చూస్తే, ఆసుపత్రి భవనం మురుగు కాలువల మీద కూర్చుని ఉంది. కాలువలు కడిగించారు, కళేబరాలు తీయించారు, గోడలకు సున్నం కొట్టించారు. జూన్‌కి మరణాలు నూటికి రెండు. రోగం చెడు గాలి వల్ల వస్తుందని నైటింగేల్ నమ్మేది. కారణం తప్పు, పని మాత్రం రైటు. 1867లో జోసెఫ్ లిస్టర్ అనే బ్రిటిష్ సర్జన్ కార్బాలిక్ యాసిడ్‌తో గాయాలు కుళ్లకుండా ఆపగలనని చూపించేసరికి రోగాలకు క్రిములే కారణమన్న సిద్ధాంతానికీ బలం వచ్చింది. మన ఇళ్లలో వాడే నల్ల ఫినాయిల్ ఆ యాసిడ్‌కు చుట్టమే.

ఆ తర్వాత పెన్సిలిన్ వచ్చింది, గుడ్డా బకెట్టూ పరువు పోగొట్టుకున్నాయి. ఇన్ఫెక్షన్ వస్తే సూది ఉందిగా అన్న ధీమా. పెన్సిలిన్‌కే కాదు, దాని తర్వాత వచ్చిన మెథిసిలిన్‌కూ లొంగని స్టెఫైలోకాకస్ అనే క్రిమి రకం, ఇప్పుడు అందరూ ఎంఆర్ఎస్ఏ అనేది, 1961లోనే బ్రిటన్‌లో బయటపడింది. అయినా ధీమా చెక్కుచెదరలేదు. ఆసుపత్రి గోడలూ నేలలూ మామూలుగా పరీక్షించడం అనవసరమని 1970లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమే చెప్పింది. 1982లో విస్కాన్సిన్‌లో ఒక పాత ఆసుపత్రిని కొత్త భవనంలోకి మార్చినా ఇన్ఫెక్షన్ల రేటు మారలేదని తేలింది. అంటే శుభ్రత చూపు కోసమే అన్న వాదనకు సైన్సు ముద్ర కూడా పడింది.

సరిగ్గా ఆ రోజుల్లో, 1983లో, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం క్లీనింగ్, వంట, బట్టల ఉతుకుడు పనులకు టెండర్లు పిలవాల్సిందేనని బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులను ఆదేశించింది. అంతకుముందు వార్డు తుడిచే మనిషి వార్డు మనిషే. సిస్టర్ కేకేస్తే వచ్చేది, ఏ రోగికి విరేచనాలో ఆమెకు తెలిసేది. టెండరొచ్చాక ఆమె కాంట్రాక్టర్ మనిషైంది. ఎవరో వాంతి చేసుకున్నా, కాంట్రాక్టులో ఆ గంటకు ఆ పని రాసి ఉందా లేదా అన్నదే ముందు ప్రశ్న. తక్కువ కోట్ చేసినవాడికే పని. ఆ తక్కువ ఎక్కణ్ణుంచి వస్తుంది? మనుషుల్ని తగ్గించడం నుంచే. ఇరవై ఏళ్లలో క్లీనర్ల సంఖ్య దాదాపు సగమైందని కార్మిక సంఘాలు లెక్క చెప్పాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో మరణ పత్రాల్లో ఎంఆర్ఎస్ఏ పేరు 1993లో 51 సార్లు కనిపిస్తే, 2006లో 1,652 సార్లు కనిపించింది. పాపమంతా టెండర్ల నెత్తిన వేస్తే అన్యాయమే. యాంటీబయాటిక్స్ విచ్చలవిడి వాడకం, కిక్కిరిసిన వార్డులు, కడగని చేతులు, పత్రాల్లో కారణం రాసే అలవాటు పెరగడం, అన్నీ ఉన్నాయి. కానీ కెంట్ కౌంటీలోని మెయిడ్‌స్టోన్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఆసుపత్రులపై 2007 అక్టోబరులో వచ్చిన విచారణ నివేదిక చదివితే కడుపులో తిప్పుతుంది. సరిగా కడగని బెడ్‌పాన్లు, ఒకదానికొకటి ఆనించినట్టున్న మంచాలు, మంచంలోనే కానిచ్చేయమని రోగులకు చెప్పిన నర్సులు. రెండున్నరేళ్లలో వెయ్యి మందికి పైగా సీ డిఫిసిల్ అనే, విరేచనాలు పట్టించే క్రిమి సోకింది. దాదాపు 90 మంది మరణానికి అదే కారణం లేదా ప్రధాన కారణం కావచ్చని తేల్చారు. శానిటైజర్ రుద్దితే చచ్చే క్రిమి కాదిది. చేతులకు సబ్బూ నీళ్లూ, మంచాలకు క్లోరిన్ కావాలి. మళ్లీ సెమ్మెల్‌వైస్ సున్నం దగ్గరికే వచ్చామన్నమాట.

అప్పటి బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రతి ఆసుపత్రికీ "డీప్ క్లీన్" అన్నాడు, సుమారు 5.7 కోట్ల పౌండ్ల ఖర్చుతో. పండక్కి ఇల్లు కడిగి ఏడాదంతా చీపురు పట్టనట్టుందని, ఇంచుమించు ఆ అర్థంలోనే, మైక్రోబయాలజిస్టులు పెదవి విరిచారు. స్కాట్లండ్ వేరే దారి పట్టింది. ఆసుపత్రి క్లీనింగ్‌లో కొత్త ప్రైవేటు కాంట్రాక్టులు ఉండవని 2008లో ప్రకటించింది.

ఆ స్కాట్లండ్‌లోనే స్టెఫనీ డాన్సర్ అనే మైక్రోబయాలజిస్టు సాదాసీదా ప్రయోగం చేసింది. రెండు సర్జికల్ వార్డులకు ఆర్నెల్ల చొప్పున అదనంగా ఒకే ఒక్క క్లీనర్‌ను ఇచ్చింది. చేతులు పడే చోట్ల క్రిముల భారం 32.5 శాతం తగ్గిందని 2009లో ప్రచురించింది. అమెరికాలో ఫిలిప్ కార్లింగ్ బృందం ఇంకో చిట్కా వేసింది. రోగి ఖాళీ చేసే ముందు కంటికి కనపడని జెల్ చుక్కలు కడ్డీలకూ స్విచ్చులకూ పెట్టి, శుభ్రం చేశాక ప్రత్యేక లైటు వేసి చూశారు. తుడిచి ఉంటే చుక్క చెరిగిపోవాలి. 36 ఆసుపత్రుల్లో సగానికి పైగా చుక్కలు అలాగే మెరుస్తూ కనిపించాయి. లోపాన్ని క్లీనర్లకు చూపించి, నేర్పించాక పరిస్థితి చాలా మెరుగుపడింది. ఎక్కడెక్కడ తుడవాలో వాళ్లకు అప్పటిదాకా చెప్పినవాళ్లు లేరు, అంతే.

మన దగ్గర ఈ కథ ఆలస్యంగా మొదలైంది, టెండర్ మాత్రం ముందే వచ్చింది. 2015 మేలో కేంద్రం "కాయకల్ప" పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల శుభ్రతకు మార్కులూ బహుమతులూ పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక పసికందు ఎలుకలు కొరికి చనిపోయింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కో పడకకు నెలకు ఇచ్చే పారిశుద్ధ్య ఖర్చును 5,000 నుంచి 7,500 రూపాయలకు పెంచింది. కానీ డబ్బు పెరిగినంత మాత్రాన తుడిచే మనిషికి చేరుతుందన్న గ్యారంటీ లేదు. జీతాల బకాయిల కోసం శానిటేషన్ సిబ్బంది ధర్నాలు మనకు వార్తల్లో వింత కాదు. పైగా ఇక్కడ చీపురుకు కులం ఉంది. ఆ పని నేర్పించాల్సినంత విద్య అని ఒప్పుకోవడానికే మనకు మనసు రాదు.

మా బంధువును డిశ్చార్జి చేసిన రోజు, మందుల చీటీ కోసం కౌంటర్ దగ్గరికెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చాను. మంచం మీద దుప్పటి మారింది. అంతే మారింది. అప్పుడే వచ్చిన ఓ ముసలాయన పక్క కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మెల్లగా మంచమెక్కుతున్నాడు.