30 సెకన్ల పాటా, నెలాఖరు కబుర్లూ: అపోహలు - వాస్తవాలు

మామూలుగా నా పాడ్‌కాస్ట్‌లో ఒక పాటను పట్టుకుని విప్పి చూపిస్తుంటాను. నెలకోసారి మాత్రం అది పక్కనపెట్టి సొంత కబుర్లు చెబుతాను: ఆ నెల ఎలా గడిచింది, ఏ కొత్త బట్టలు వేసుకున్నాను, ఏ పాట నన్ను వదలకుండా పట్టుకుంది. అది విని తామూ మొదలుపెడదామనుకునే వాళ్లు మెసేజ్ పెడుతుంటారు. పలకరింపులు వేరు, ప్రశ్న ఒకటే. "అక్కా, 30 సెకన్లలోపు పాట వేసుకుంటే ఏం కాదు కదా?" మొన్న ఒకే వారంలో నలుగురు. అందులో ఒకరు అడగనైనా లేదు, నాకే ధైర్యం చెప్పారు.

అపోహ: 30 సెకన్లు దాటకపోతే కాపీరైట్ వర్తించదు.

అలాంటి రూల్ లేదండీ. కొందరు 10 అంటారు, కొందరు 7 అంటారు. ఎవరు కొలిచారో! అమెరికా కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ ఫెయిర్ యూజ్ గురించి, అంటే అనుమతి లేకుండా వాడినా తప్పు కాని వాడకం గురించి చెబుతూ నాలుగు సంగతులు చూడమంటుంది: ఎందుకు వాడావు, వాడింది ఎలాంటి రచన, ఎంత వాడావు, దాని మార్కెట్‌కు ఏం దెబ్బ తగిలింది. సెకన్ల లెక్క అందులో ఎక్కడా కనిపించదు. 2005లో అక్కడి ఒక అప్పీల్ కోర్టు, రెండే రెండు సెకన్ల గిటార్ ముక్కను ఇంకో పాటలో కలిపిన కేసులో, లైసెన్స్ తీసుకో లేదా ముట్టుకోకు అంది. 2016లో ఇంకో అప్పీల్ కోర్టు 0.23 సెకన్ల బాకా మోత మీద కేసు వస్తే దీనికి విరుద్ధంగా చెప్పింది. పావు సెకను కూడా లేని శబ్దం మీద జడ్జీలే రెండు దారులు పడితే, మీ 30 సెకన్లకు హామీ ఎవరిస్తారు?

ఈ పుకారు ఎక్కడ పుట్టి ఉంటుందో నాకో అనుమానం ఉంది. పాటలు అమ్మే యాప్‌లలో కొనేముందు 30 సెకన్ల ముక్క వినిపించేవారు. అది హక్కుదారులతో ఒప్పందం చేసుకుని వేసిన ముక్క. మన చెవికి ముక్క వినబడింది, ఒప్పందం వినబడలేదు.

అసలు పేచీ నిడివితో కంటే పనితో. పాట ఆపి, "ఇదిగో, ఇక్కడ తాళం ఎలా జారిందో చూడండి" అని దాని గురించే మాట్లాడితే అది విశ్లేషణ. రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి మీకో వాదన ఉంటుంది. అదే ముక్కను "ఈ నెల ఇల్లు మారాను" అన్న మాటల కింద వేస్తే అది అలంకారం. అదే మనిషి, అదే పాట, అన్నే సెకన్లు, కానీ వాదన చిక్కిపోయింది. నెలవారీ కబుర్లలో పాటకు దొరికే చోటు దాదాపు ఎప్పుడూ ఈ రెండోదే. మామూలు ఎపిసోడ్లు నడిపి నడిపి వచ్చిన ధీమాతో ఇక్కడే జారిపడతాం.

నేనూ పడ్డాను. నా మూడో నెలవారీ ఎపిసోడ్‌లో నిజంగానే ఇల్లు మారిన సంగతి చెబుతూ, సామాన్లు సర్దినన్నాళ్లూ విన్న పాటను గొంతు కింద సన్నగా 22 సెకన్లు వేశాను. మాట పైన ఉంది కదా, పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ మెషీన్ పట్టుకోదులే అనుకున్నాను. వీడియో పెట్టిన కాసేపటికే, అందులో పాట మాది అని హక్కుదారు తరఫున క్లెయిమ్ వచ్చింది. దాన్ని కోర్టు నోటీసు అనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారకుండానే ఎపిసోడ్‌ను అన్ని చోట్లా డిలీట్ చేశాను. కింద శ్రోతలు రాసుకున్న ఇల్లు మారిన కథలన్నీ దాంతోపాటే పోయాయి.

అంత కంగారు అక్కర్లేదని తర్వాత తెలిసింది. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. చాలాసార్లు క్లెయిమ్ అంటే ఆ వీడియో ప్రకటనల డబ్బు హక్కుదారుకు వెళ్తుందని, అంతే. స్ట్రైక్ అంటే కాపీరైట్ తప్పు చేశావని చానెల్ మీదే పడే మచ్చ, అది వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇప్పుడు ఎవరికైనా క్లెయిమ్ వచ్చి చేతులు వణుకుతుంటే, ముందు మంచినీళ్లు తాగండి, ఆ మెయిల్‌ను పూర్తిగా చదవండి, ఏదీ డిలీట్ చేయకండి.

అపోహ: పాట ఎవరిదో పేరు వేశాం, పాటల యాప్‌కు సబ్‌స్క్రిప్షన్ కట్టాం, చాలదా?

చాలదు. పేరు వేయడం మర్యాద, అనుమతి కాదు. సబ్‌స్క్రిప్షన్ మీరు వినడానికి. పైగా ఒక పాటలో రెండు హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ ఒకటి, రికార్డింగ్ ఇంకొకటి. మీరే పాడుకుంటే రెండోది తప్పుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. పాత పాటల సంగతీ ఇంతే: బాణీకి హక్కు తీరిపోయినా నిన్న చేసిన రికార్డింగ్‌కు తీరదు. అమెరికాలో 1924 నాటి రికార్డింగులు 2025 జనవరి 1న గానీ స్వేచ్ఛ కాలేదు. క్రియేటివ్ కామన్స్ అని, అంటే హక్కుదారే కొన్ని షరతులతో ముందే ఇచ్చిన అనుమతి కనిపిస్తే, పక్కనున్న అక్షరాలు కూడా చదవండి. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి పనికిరాదు, ఎన్‌డీ ఉంటే మార్చి పంచకూడదు.

అపోహ: ఆడియోకు బట్టలతో పనేముంది?

మైక్‌ని అడగండి. కాలర్ మైక్ కింద గరగరలాడే బట్ట వేసుకుని ఒకసారి రికార్డ్ చేయండి, తెలుస్తుంది. వేలాడే జుంకాలు హెడ్‌ఫోన్‌కు టిక్కుటిక్కుమని తగులుతుంటాయి. వీడియో కూడా తీస్తుంటే సన్నని చారల చొక్కా వద్దు, తెర మీద అలలు తేలినట్టు కనిపిస్తుంది.

అపోహ: డౌన్‌లోడ్లు పడిపోయాయంటే నా సొంత కబుర్లు ఎవరికీ నచ్చలేదు.

2023 సెప్టెంబర్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 వచ్చి, అందులో పాడ్‌కాస్ట్‌ల ఆటోమేటిక్ డౌన్‌లోడ్ల తీరు మారినప్పుడు ఎందరి అంకెలో దిగిపోయాయి. విననివాళ్ల ఫోన్లలో ఊరికే పోగుపడినవి ఆగిపోయాయి, అంతే. అప్పుడు ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు నెలవారీ ఎపిసోడ్‌లో పాట వేయను. "రెండో చరణానికి ముందు గాయని ఊపిరి తీసుకుంటుంది, అక్కడ వినండి" అని చెప్పి ప్లేలిస్ట్ లింక్ ఇస్తాను. కింద వినిపించేది లైసెన్స్ కొన్న సంగీతం, దాని రసీదు ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ మూడో ఎపిసోడ్ ఫైల్ ఇంకా నా డిస్క్‌లోనే ఉంది. ఆ 22 సెకన్లు తీసేసి మళ్లీ పెడదామని మొన్న కూర్చున్నాను. గొంతు, పాట ఒకే ట్రాక్‌లో కలిపి సేవ్ చేశానట. పాట తీస్తే కొత్త ఇంటి తాళం తీసిన సంగతి కూడా పోతోంది.