కళ్ల కింద గుంటలు: పూడ్చే ముందు ఎందుకు పడ్డాయో చూడాలి (అపోహలు - వాస్తవాలు)

"ఏంటలా కళ్లు పీక్కుపోయాయి? వేడి చేసిందా?" అని పలకరించుకోవడం మన గోదావరి జిల్లాల్లో మామూలే. కానీ ఆ ఒక్క మాటలో నాలుగైదు వేరువేరు సంగతులు కలిసిపోతున్నాయి. పిల్లాడి ఒంట్లో నీరు తగ్గినా కళ్లు లోపలికి పోతాయి. వయసుతో కంటి చుట్టూ కొవ్వు తగ్గినా పోతాయి. బండి మీంచి పడి కంటి గూటి ఎముక విరిగినా, నీటికాసుల జబ్బుకి చుక్కలమందు వేసుకుంటున్నా పోతాయి. ఒకరికి ఓఆర్‌ఎస్ కావాలి, ఇంకొకరికి ఆపరేషన్ కావాలి, మరొకరికి ఏమీ అక్కర్లేదు. అందుకే డాక్టర్లమైన మా దగ్గరికి వచ్చి "ఈ గుంటలు పూడ్చేయండి" అన్నవాళ్లని ముందు రెండే అడుగుతాం: ఎప్పటినుంచి? ఒక కంటికా, రెండిటికా?

అపోహ: కంటి కింద నల్లగా ఉంటే గుంట పడ్డట్టే.

వాస్తవం: నలుపు వేరు, గుంట వేరు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా, వెలుతురు మొహం మీద తిన్నగా పడేలా నిలబడి అద్దంలో చూసుకోండి. తర్వాత రాత్రి, నడినెత్తి మీద దీపం ఉన్నచోట నిలబడి చూసుకోండి. దీపం కింద కనిపించిన నలుపు కిటికీ దగ్గర మాయమైతే అది నీడ, అంటే గుంట ఉంది. రెండుచోట్లా ఒకేలా ఉంటే అది రంగు. ఇప్పుడు కింది రెప్ప చర్మాన్ని వేలితో మెల్లగా పక్కకి లాగండి. గోధుమరంగు మారకుండా చర్మంతోపాటే కదిలితే అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్. ఊదారంగు ఇంకా ముదిరితే పల్చని చర్మం కిందినుంచి రక్తనాళాలు కనిపిస్తున్నట్టు. రెప్ప చర్మం మందం సుమారు అర మిల్లీమీటరే, ఒంట్లో అంత పల్చటి చర్మం ఇంకెక్కడా లేదు.

చాలామందికి మూడూ కొంచెం కొంచెం ఉంటాయి. అయినా ఈ పరీక్ష వదలకండి. నీడకి క్రీము పనిచేయదు, రంగుకి ఫిల్లర్ (గుంటని నింపే జెల్ ఇంజెక్షన్) పనిచేయదు. డబ్బు ఎక్కువ పోయేది ఈ తేడా తెలియకే.

అపోహ: కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు లోపలికి పోతాయి.

వాస్తవం: పోవు. మైనస్ అద్దం దాని వెనకున్నదాన్ని చిన్నదిగా చూపిస్తుంది, కాబట్టి ఎదుటివాళ్లకి కన్ను చిన్నగా, లోతుగా కనిపిస్తుంది. జోడు తీసేస్తే అదే కన్ను, అంతే. ఈ భయంతో పెళ్లీడు పిల్లలకి జోడు మాన్పించకండి. పవర్ ఎక్కువుంటే చిన్న ఫ్రేము, పల్చని హై ఇండెక్స్ అద్దాలు తీసుకుంటే చూపుకి అందంగానే ఉంటుంది.

అపోహ: విరేచనాలతో పిల్లాడి కళ్లు పీక్కుపోతే దిష్టి తీసి, బొండం నీళ్లు పట్టిస్తే చాలు.

వాస్తవం: ఈ వ్యాసంలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. పసిపిల్లల్లో కళ్లు లోపలికి పోవడం ఒంట్లో నీరు తగ్గిందనడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోకి తీసుకునే నాలుగైదు గుర్తుల్లో ఒకటి. ఈ గుర్తుని డాక్టరు కంటే తల్లి బాగా పట్టగలదు, రోజూ చూసే మొహం కదా. అందుకే "బాబు కళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా, ఇప్పుడు మారాయా?" అని అమ్మనే అడగాలి.

రెండో పరీక్ష చర్మానిది. బొడ్డుకీ పొట్ట పక్కకీ మధ్యలో చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా మడత పట్టి, ఒక్క క్షణం ఆగి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. నెమ్మదిగా సర్దుకుంటే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే, లేదా పిల్లాడు మగతగా ఉండి తాగలేకపోతే ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కోనసీమ బొండం నీళ్లు మంచివే. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనంలో సోడియం బాగా పోతుంది. అందుకే బొండం మధ్యమధ్యలో పట్టొచ్చు గానీ ఓఆర్‌ఎస్‌కి బదులు కాదు. కాచి చల్లార్చిన 1 లీటరు నీళ్లలో పెద్ద ప్యాకెట్ మొత్తం కలపాలి. ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ప్యాకెట్‌లో కొంత గ్లాసుడు నీళ్లలో పోస్తారు, ఉప్పు ఎక్కువైపోతుంది. తాగట్లేదని పంచదార కలుపుతారు, ఆ తీపి పేగులోకి నీటిని లాగి విరేచనాలు పెంచుతుంది. ప్యాకెట్ మీద రాసిన నీళ్లే పోయండి, ఇంకేమీ కలపకండి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి.

రెండేళ్లలోపు పిల్లలకి ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ., పైబడినవాళ్లకి 100 నుంచి 200 మి.లీ. చెంచాతో పట్టాలి. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. డాక్టరు రాసిన జింకు విరేచనాలు కట్టినా 14 రోజులూ వేయండి. దిష్టి తీయాలనిపిస్తే తీసుకోండి, చెంచా మాత్రం ఆగకూడదు.

అపోహ: నిద్ర పోతే, కీరా ముక్కలు పెడితే గుంటలు పూడతాయి.

వాస్తవం: రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, కాబట్టి ఏరేటర్లు చూసుకునేవాళ్లకి ఆ వేళ నిద్ర ఉండదు. వాళ్ల కళ్లు అలిసినట్టు కనిపించేది రెప్పల దగ్గర రక్తనాళాలు ఉబ్బి, మొహం పాలిపోవడం వల్ల. నిద్ర పోతే ఆ మేరకు తేలికపడుతుంది. కీరా అయినా చల్లటి గుడ్డ అయినా వాపుని కాసేపు దించుతుంది. తగ్గిపోయిన కొవ్వు, అరిగిన ఎముక వీటితో తిరిగి రావు.

నివారణకి నిజంగా జాగ్రత్తపడాల్సినవి ఎండ, పొగ, బరువు. చెరువు నీళ్ల మీంచి, నాట్ల చేల మీంచి ఎండ కిందినుంచి కూడా కళ్ల మీదికి కొడుతుంది, టోపీ ఒక్కటీ చాలదు. యూవీ ఆపే కళ్లద్దాలు, కంటి చుట్టూ జింక్ ఆక్సైడ్ ఉన్న ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ వాడండి. రెండు కళ్లకీ కలిపి బఠాణీ గింజంత చాలు. లంక పొగాకు చుట్టయినా సిగరెట్టయినా చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ని తినేస్తుంది. నెలలోనే బరువు బాగా దించేస్తే మొదట తెలిసేది మొహంలోనే.

అపోహ: మెడికల్ షాపులో తెల్లబరిచే క్రీము కంటి కింద రాస్తే పోతుంది.

వాస్తవం: అలా చేతికిచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిసి ఉంటాయి. మొదటి రెండు వారాలు తెల్లబడినట్టు అనిపిస్తుంది, అక్కడే నమ్మకం కుదిరిపోతుంది. నెలలు గడిచేసరికి స్టెరాయిడ్ వల్ల చర్మం ఇంకా పల్చబడి, రక్తనాళాలు బయటపడి, గుంట మరింత లోతుగా కనిపిస్తుంది. రెప్పల మీద దీర్ఘకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావొచ్చు. ఇప్పటికే వాడుతుంటే చీటీతో సహా డాక్టరుకి చూపించి, వాళ్లు చెప్పినట్టు తగ్గించండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లబడుతుంది, అదీ వద్దు.

అపోహ: ఒక కన్నే లోపలికి పోయిందంటే ఆ వైపు తిరిగి పడుకోవడం వల్ల.

వాస్తవం: రెండు కళ్లకీ 2 మిల్లీమీటర్లకి మించి తేడా ఉంటే దాన్ని అందం సమస్యగా చూడకూడదు. బండి మీంచి పడినా, క్రికెట్ బంతి తగిలినా కంటి గూటి కింది ఎముక పగిలి, కొవ్వు కిందనున్న సైనస్‌లోకి (బుగ్గ ఎముకలోని గాలి గదిలోకి) జారొచ్చు. మొదట్లో వాపు వల్ల తెలియదు, వారం పది రోజులకి వాపు దిగాక కన్ను లోపలికి పోయినట్టు కనిపిస్తుంది. బుగ్గ, పై పెదవి మొద్దుబారడం, పైకి చూస్తే రెండుగా కనబడడం దాని గుర్తులు. ముక్కు గట్టిగా చీదకండి, గాలి కంటి గూట్లోకి ఎక్కుతుంది. అవసరమైతే రెండు వారాల్లోపు చేసే ఆపరేషన్ సులువు. పిల్లల్లో కన్ను తెల్లగా బాగానే ఉండి, పైకి చూడలేక వాంతులు చేసుకుంటుంటే కండరం పగులులో ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు 48 గంటల్లోపే విడిపించాలి.

దెబ్బ లేకుండా ఒక కన్ను నెమ్మదిగా కిందికి, లోపలికి దిగితే బుగ్గ సైనస్‌కి స్కాన్ తీయాలి. మహిళల్లోనైతే రొమ్ము పరీక్ష కూడా చేయించాలి, కొన్ని రొమ్ము క్యాన్సర్లు కంటి వెనక పాకి కన్నుని లోపలికి లాగుతాయి.

నీటికాసులకి ఒక కంట్లోనే బిమాటోప్రోస్ట్, లాటనోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్ లాంటి చుక్కలు వేసుకునేవాళ్లకి ఆ వైపు పై రెప్ప మీద గుంట పడొచ్చు. మందు మారిస్తే కొంత తిరిగి రావొచ్చు. మీ అంతట మీరు ఆపేస్తే మాత్రం పోయిన చూపు తిరిగి రాదు.

అపోహ: ఫిల్లర్ అంటే ఒక ఇంజెక్షనే, పార్లర్‌లో కూడా వేయించుకోవచ్చు.

వాస్తవం: కంటి కింద వాడేది హయలురోనిక్ ఆమ్లపు జెల్. ఒక్కో వైపు 0.2 నుంచి 0.5 మి.లీ. సరిపోతుంది. దాన్ని కండరం కింద, ఎముకని ఆనుకుని పెట్టాలి. పైపైన పెడితే చర్మంలోంచి నీలంగా కనిపిస్తుంది. పైగా ఈ జెల్ నీటిని పట్టుకుంటుంది. ఇంటి స్థలం మెరక చేసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: పల్లంలో మట్టి పోస్తూ పక్కనున్న మురుగు బోదె కూడా పూడ్చేస్తే నేల ఎత్తవుతుంది గానీ నీరు నిలిచిపోతుంది. ఫిల్లర్ ఎక్కువైతే కంటి కింద లింఫు (కణాల మధ్య ఊరే నీరు) పోయే దారి మూసుకుని, పొద్దున్నే సంచుల్లా ఉబ్బు వస్తుంది. అందుకే కొంచెం లోటు ఉంచి, 2 నుంచి 4 వారాల తర్వాత చూసి కలపాలి. పొద్దున్న కళ్లు ఉబ్బే అలవాటున్నవాళ్లకి, థైరాయిడ్ కంటి జబ్బున్నవాళ్లకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వద్దని చెబుతాం.

అరుదుగా జరిగేదైనా చెప్పి తీరాల్సింది చూపు పోవడం. జెల్ రక్తనాళంలోకి వెళ్తే ఒత్తిడికి వెనక్కి పోయి కంటి ధమనిని మూసేయగలదు. రక్తం అందని రెటీనా 90 నిమిషాలు దాటితే చాలావరకు తిరిగి కోలుకోదు. సూదికి బదులు మొన మొండిగా ఉండే సన్న గొట్టం (కాన్యులా) వాడితే ప్రమాదం తగ్గుతుంది, పూర్తిగా పోదు. వేస్తుండగా చర్మం తెల్లగా పాలినా, వలలా మచ్చలు వచ్చినా, విపరీతమైన నొప్పి వచ్చినా వెంటనే ఆపి, హయలురోనిడేజ్‌తో జెల్‌ని కరిగించాలి. ఆ మందు అదే గదిలో ఉండాలి, ఊళ్లో దొరుకుతుంది అంటే కుదరదు. వేయించుకునే ముందు మూడు చూడండి: వేసేవాళ్లకి వైద్య మండలి రిజిస్ట్రేషన్ ఉందా, పెట్టె మీ ఎదుట తెరిచి బ్యాచ్ స్టిక్కర్ ఇస్తున్నారా, కరిగించే మందు చూపిస్తున్నారా. తేనెటీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవాళ్లకి ఈ కరిగించే మందు పడకపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తం పల్చబరిచే మాత్రలు గుండె డాక్టరుని అడగకుండా ఆపొద్దు.

అపోహ: పొట్ట కొవ్వు తీసి పెడితే శాశ్వతం, ఇబ్బందేమీ ఉండదు.

వాస్తవం: పెట్టిన కొవ్వులో కొంత నిలుస్తుంది, కొంత కరిగిపోతుంది. ఎంత నిలుస్తుందో ముందే చెప్పలేం. గడ్డ కడితే కరిగించే మందు లేదు. చూపు పోయే ప్రమాదం దీనిలోనూ ఉంది. కంటి కింద సంచీ, దాని కింద గుంట రెండూ ఉన్నవాళ్లకి రెప్ప లోపలినుంచి కోసి, సంచీలోని కొవ్వునే గుంటలోకి జరిపే ఆపరేషన్ మేలని మా అభిప్రాయం. ఉన్న కొవ్వుని తీసి పారేయడం పాత పద్ధతి, ఏళ్లు గడిచేకొద్దీ గుంట ఇంకా పెద్దది కావొచ్చు.

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక వారంలో చేసేయమని అడుగుతారు. ఫిల్లర్ కమిలిన నలుపు తగ్గడానికే 7 నుంచి 10 రోజులు పడుతుంది, జెల్ సర్దుకోవడానికి నెల, తేడా ఉంటే సరిచేయడానికి ఇంకొన్నాళ్లు. పెళ్లికి కనీసం ఆరు వారాల ముందు, ఆపరేషనైతే మూడు నెలల ముందు రండి. వచ్చేటప్పుడు పదేళ్ల కిందటి ఫోటో ఒకటి, ఇప్పుడు వాడుతున్న చుక్కలు, క్రీములు అన్నీ ఓ సంచిలో వేసుకుని తెచ్చుకోండి.