చైనా మూలికల మాత్రలతో షుగర్ వైద్యం: అపోహలు – వాస్తవాలు

నేను ఎంబీబీఎస్ చైనాలో చదివాను. ఆ సంగతి తెలిసిన పేషెంట్లు చాలామంది, చీటీ రాయించుకుని లేవబోతూ ఒక మాట అడుగుతారు: "డాక్టర్ గారూ, అక్కడ షుగర్‌కి మూలికల మాత్రలు ఉంటాయటగా, అవి వాడితే ఇంగ్లిష్ మందులు మానేయొచ్చటగా?" కొందరు అడగరు. కొడుకో అల్లుడో అక్కణ్ణుంచి తెచ్చిన డబ్బా ఇంట్లో పెట్టుకుని, నాకు చెప్పకుండా వాడేస్తుంటారు. అడిగేవాళ్ళతో ఇబ్బంది లేదు, కూర్చోబెట్టి చెప్పొచ్చు. చెప్పకుండా వాడేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: అవి వట్టి మూలికలే, ఇంగ్లిష్ మందు చుక్క కూడా ఉండదు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ ప్రాణాల మీదకి తెస్తున్నది ఈ నమ్మకమే.

చైనాలో షుగర్‌కి బాగా పేరున్న మూలికల మందు ‘షియావ్‌ఖ వాన్’. నల్లటి చిన్న చిన్న ఉండలు. కుడ్జు దుంప, మొక్కజొన్న పీచు, ఇంకా కొన్ని వేర్లు, దుంపలు అందులో ఉన్న మాట నిజమే. వాటితో పాటు ఒక్కో ఉండలో 0.25 మిల్లీగ్రాముల గ్లైబెన్‌క్లమైడ్ కూడా ఉంటుంది. అంటే మన దగ్గర డావోనిల్ పేరుతో అందరికీ తెలిసిన ఇంగ్లిష్ షుగర్ మందే. ఇదేమీ దొంగచాటుగా కలిపింది కాదు. అక్కడి ప్రభుత్వ అనుమతితో, డబ్బా మీద రాసి మరీ అమ్ముతారు. రాసింది చైనీస్‌లో కాబట్టి మనవాళ్ళకి అర్థం కాదు, అంతే. పూటకి 10 ఉండల చొప్పున రోజుకి మూడుసార్లు వేసుకుంటే 7.5 మిల్లీగ్రాములు అవుతుంది. అంటే 5 మిల్లీగ్రాముల డావోనిల్ మాత్ర ఒకటిన్నర మింగినట్టు.

అక్కడి డాక్టర్లకి ఈ లెక్క తెలుసు. అది రాసినప్పుడు అదే జాతి మాత్ర ఇంకొకటి రాయరు. మన ఇంట్లో జరిగేది వేరు. అప్పటికే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్న మనిషి, "మూలికలే కదా" అని దాని మీద ఇది వేసుకుంటాడు. రెండూ ఒక జాతి మందులే, రెండూ ఇన్సులిన్‌ని పిండి బయటికి తెచ్చేవే.

ఒక రిటైర్డ్ మాస్టారిని తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకొచ్చారు. ముచ్చెమటలు పట్టి బనియన్ తడిసిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది, భార్యని గుర్తుపట్టడం లేదు. పక్షవాతం అనుకుని ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నారు. గ్లూకోమీటర్‌లో 34. డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్, ఎక్కించిన కాసేపటికే లేచి కూర్చుని, "కాఫీ ఇస్తారా?" అన్నాడాయన. మధ్యాహ్నానికి ఇంటికి పంపేయమన్నారు. నేను పంపలేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 ఉంది, అంటే ఎక్కువే, కిడ్నీలు అలా ఉన్నవాళ్ళ ఒంట్లోంచి ఈ జాతి మందులు త్వరగా పోవు. అనుకున్నట్టే సాయంత్రానికి మళ్ళీ 52కి పడిపోయింది. ఏమేం మందులు వాడుతున్నారని పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉన్నాను. అప్పుడు కోడలు బ్యాగులోంచి ఆ ఉండల డబ్బా తీసింది. "ఇవి మూలికలే కదండీ, మావయ్యగారి మందుల్లో వీటిని లెక్కపెట్టలేదు" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఎవరో చెప్పింది నమ్మింది, మావయ్యకి మేలు జరుగుతుందనుకుంది.

ఇది అసలు మందు సంగతి. నకిలీది ఇంకా ఘోరం. 2009 జనవరిలో చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఇలాంటిదే ఇంకో షుగర్ మందు పేరుతో అమ్మిన నకిలీ మాత్రలు వాడి ఇద్దరు చనిపోయారు. వాటిలో గ్లైబెన్‌క్లమైడ్ మామూలు మోతాదుకి సుమారు ఆరు రెట్లు ఉందని తేలింది. అంతకు ముందు ఏడాది, 2008లో, సింగపూర్‌లో అసలు షుగరే లేనివాళ్ళు 150 మంది షుగర్ పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు, నలుగురు చనిపోయారు. ఆరా తీస్తే, లైంగిక శక్తికని దొంగచాటుగా అమ్మిన మందుల్లో గ్లైబెన్‌క్లమైడ్ బయటపడింది. మూలికల మందు అని చెప్పి అమ్మినవీ వాటిలో ఉన్నాయి.

అందుకే ఎవరైనా సంబరంగా "మూడు రోజుల్లో 280 నుంచి 140కి వచ్చేసిందండీ, ఎంత మంచి మందో!" అంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. అంత వేగంగా షుగర్ దించే మూలికని నేను ఇంతవరకూ చూడలేదు. మీటర్‌లో అంకె తగ్గిందంటే ఏదో మందు పనిచేస్తోందన్నమాట నిజమే. ఆ పనిచేస్తున్నది మూలికే అని మీటర్ చెప్పదు. పేరూ ఊరూ లేని పొట్లంలో, లేబుల్ లేని సీసాలో వచ్చిన పొడికైతే అసలు ఏ భరోసా లేదు. చైనాది కానివ్వండి, మన పక్క ఊరి నాటువైద్యుడిది కానివ్వండి.

అపోహ: చైనావాళ్ళు ఇన్సులిన్ వాడరు, అంతా కషాయాలే.

వాస్తవం: ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, వింటే ఒళ్ళు మండుతుంది. నేను చదువుకున్న చోట షుగర్ వార్డులో పేషెంట్ బల్ల మీద ఇన్సులిన్ పెన్ను, మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పు ఉండేవి. పక్కనే కషాయం నింపి సీలు వేసిన ప్లాస్టిక్ ప్యాకెట్టు వేడినీళ్ళ గిన్నెలో తేలుతూ ఉండేది. రెండూ వాడతారు. ఒకటి మాని ఇంకొకటి కాదు. పైగా 1965లో ప్రపంచంలోనే మొదటిసారి, రసాయనాల నుంచి పూర్తిగా ఇన్సులిన్‌ని తయారుచేసిన జట్టుల్లో ముందు వరుసలో నిలిచింది చైనా శాస్త్రవేత్తలే.

టైప్ 1 పిల్లల అమ్మానాన్నలకి ప్రత్యేకంగా చెప్తున్నాను. పసిబిడ్డకి రోజుకి నాలుగు సూదులు పొడవాల్సి రావడం ఎంత నరకమో నాకు తెలుసు. ఎవరైనా "సూది అక్కర్లేదు" అంటే మనసు అటే లాగుతుంది. కానీ ఆ బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. ఏ దేశపు మూలికా దాన్ని తయారుచేయలేదు. ఆపితే రోజుల్లోనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదకి వస్తుంది. ఒక్క పూట కూడా ఆపకండి.

అపోహ: మూలికలకి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి చైనా మూలికలున్న మాత్రలు వాడిన వంద మందికి పైగా ఆడవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. వేయాల్సిన వేరుకి బదులు అరిస్టలోకియా జాతి వేరు పడింది. మన ఈశ్వరి, గాడిదగడపాకు కూడా ఆ జాతి మొక్కలే. షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలు అసలే ఒత్తిడిలో ఉంటాయి, వాటితో ఆటలొద్దు. అతిమధురం చైనా కషాయాల్లో చాలావాటిలో పడుతుంది. ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

అపోహ: అయితే చైనా వైద్యమంతా బూటకమే.

వాస్తవం: అదీ కాదు. బెర్బెరిన్ అనే పదార్థం షుగర్ తగ్గిస్తుందని 2008లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో కనబడింది. మెట్‌ఫార్మిన్‌తో పోల్చి చూసిన భాగంలో 36 మందే ఉన్నారు, మూడు నెలలే చూశారు. మన మాను పసుపులోనూ బెర్బెరిన్ ఉంటుంది. మల్బరీ కొమ్మల నుంచి తీసిన మాత్రకి 2020లో చైనా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అకార్బోస్ అనే ఇంగ్లిష్ షుగర్ మాత్ర లాగే అది పేగులో పిండిపదార్థం అరగడాన్ని నెమ్మది చేస్తుంది. హిందూపురం వైపు పట్టుపురుగుల రైతులు మల్బరీ ఆకు కషాయం తాగొచ్చా అని అడుగుతుంటారు. ఆ మాత్రలో ఎంత మందుందో కొలిచి పెట్టారు. మీ గ్లాసులో ఎంతుందో ఎవరూ కొలవలేదు. తాగినా, మందు మాత్రం ఆపొద్దు.

నన్నడిగితే షుగర్ విషయంలో చైనా నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది. 1986లో దాచింగ్ అనే ఊళ్ళో, షుగర్ రాబోయే దశలో ఉన్న 577 మందితో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. కొందరికి తిండి మార్పించారు, కొందరి చేత వ్యాయామం చేయించారు, కొందరికి రెండూ. ఆరేళ్ళు అలా నడిపి, ఆ తర్వాత దశాబ్దాల పాటు గమనించారు. ఏ మార్పూ చేయని వాళ్ళతో పోలిస్తే వీళ్ళకి షుగర్ సగటున దాదాపు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది, గుండెజబ్బు చావులు కూడా తగ్గాయి. దీని గురించి ఒక్కరూ అడగరు.

మీ ఇంట్లో అలాంటి డబ్బా ఉంటే దాచకండి. డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, తిట్టినా ఫర్వాలేదు. లేబుల్ మీద ఏం రాసుందో ఫోన్ కెమెరాతో తెలుగులోకి మార్చి చూడొచ్చు, కానీ దాని మీదే ఆధారపడకండి. ఈలోగా చెమటలు, వణుకు, ఉన్నట్టుండి తికమక కనబడితే ముందు మీటర్ పెట్టండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ చక్కెర గానీ నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మనిషి లేచి కూర్చుని బాగానే మాట్లాడుతున్నా సరే, ఆ మాత్రలు మింగి ఉంటే ఆ రాత్రికి ఆసుపత్రిలోనే ఉంచండి.