పక్క మారితే కల మారుతుందా?

చిట్టీ, బన్నూ,

మీరు వెళ్ళి నాలుగు రోజులైంది. డాబా మీద మీరు పడుకున్న చాపలు అలాగే చుట్టి పెట్టి ఉన్నాయి. ఈ సంగతి ఫోన్‌లో చెబితే చిట్టి "సరే నానమ్మా" అనేసి ఊరుకుంటుంది. ఉత్తరమైతే భయమేసినప్పుడు మళ్ళీ తీసి చదువుకోవచ్చని రాస్తున్నాను.

ఆ రాత్రి చిట్టి కేక పెట్టి లేచింది కదా. ఎవరో చెయ్యి పట్టుకున్నారట, ఎంత గుంజినా వదలడం లేదట. బన్నూ, నువ్వు వెంటనే "ఎడమ పక్కకు పడుకుంది, అందుకే పీడకల వచ్చింది, వీడియోలో చెప్పారు" అన్నావు. ఆ తర్వాత రెండు రాత్రులు చిట్టి నిద్రలో ఎడమకు దొర్లుతానేమోనని పిట్టగోడకు వీపు ఆనించి పడుకుంది. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంది బిడ్డా.

బన్నూ విన్నది గాలికబురేమీ కాదు. 2004లో టర్కీ డాక్టర్లు 63 మందిని అడిగి చూశారు. కుడి పక్కకు పడుకునేవాళ్ళు 41 మంది, వాళ్ళలో 6గురికి పీడకలలు వస్తున్నాయి. ఎడమ పక్కకు పడుకునేవాళ్ళు 22 మంది, వాళ్ళలో 9 మందికి వస్తున్నాయి. తేడా ఉన్నమాట నిజమే. కానీ 22 మందిని చూసి ప్రపంచమంతా ఇంతేనని ఎలా అంటాం? పైగా మనం పడుకున్న పక్కనే తెల్లారేదాకా ఉండం. రాత్రంతా దొర్లుతూనే ఉంటాం. కల వచ్చిన ఆ నిమిషాన ఎటు తిరిగి ఉన్నామో మనకే తెలీదు.

ఆ రాత్రి నేను చూసింది చెబుతాను. లేచి లైటు వేసేసరికి చిట్టి ఎడమ చెయ్యి దాని ఒంటి కిందే నలిగిపోయి ఉంది. రుద్దుతుంటే "తిమ్మిరెక్కింది నానమ్మా" అంది. కలలో పట్టుకున్న చెయ్యి కూడా ఎడమదే. నాకు తోచింది ఇదీ: చెయ్యి నొక్కుకుపోయిందన్న కబురు నిద్రలో ఉన్న మెదడుకు అందింది. ఎవరు నొక్కారో దానికి తెలీదు. అందుకని ఒక మనిషిని పుట్టించి కథ అల్లింది.

మెదడు ఇలా అల్లుతుందని పరీక్ష చేసి చూసినవాళ్ళున్నారు. కలలు ఎక్కువగా వచ్చే నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు గబగబా కదులుతాయని 1953లో షికాగోలో కనిపెట్టారు. 1958లో అమెరికాలోనే, సరిగ్గా అలా కళ్ళు కదులుతున్నప్పుడు నిద్రపోయేవాళ్ళ మీద చల్లటి నీళ్ళు చిలకరించి, కాసేపాగి లేపి అడిగారు. నూటికి 42 సార్లు కలలోకి నీళ్ళు వచ్చాయి. చిన్నప్పుడు మీ నాన్న మే నెలలో ఇదే డాబా మీద పడుకుని, చినుకులు మొదలయ్యేసరికి హుస్సేన్ సాగర్‌లో పడిపోయానంటూ లేచాడు. ఒళ్ళు ఏం పడుతోందో అదే కలకు ముడిసరుకు అవుతుంది.

బోర్లా పడుకున్నప్పుడూ అంతే. 2012లో హాంకాంగ్‌లో 670 మంది మీద చేసిన పరిశీలన ఉంది. బోర్లా పడుకునేవాళ్ళకు ఊపిరాడనట్టు, కట్టిపడేసినట్టు, కదల్లేనట్టు కలలు ఎక్కువని తేలింది. ముఖం దిండులో కూరుకుని, ఛాతీ పరుపుకు అదుముకుని ఉంటే కథ ఇంకెలా వస్తుంది మరి.

వెల్లకిలా పడుకున్నప్పుడు వచ్చే చిక్కు నాకు స్వయంగా తెలుసు. పెళ్ళికి ముందు చాలాసార్లు మెలకువ వచ్చేది, కళ్ళు తెరిచేదాన్ని, కాలూ చెయ్యీ ఆడేవి కావు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుండేది. అరుద్దామంటే గొంతు పెగిలేది కాదు. మా అమ్మ దయ్యమని దిండు కింద కత్తి పెట్టింది. కలల నిద్రలో మెదడు మన కండరాలను కట్టేసి ఉంచుతుంది, లేకపోతే కలలో పరిగెత్తినప్పుడు నిజంగానే లేచి పరిగెత్తుతాం. ఒక్కోసారి ఆ కట్టు విడకముందే మెలకువ వచ్చేస్తుంది. కాసేపటికి దానంతటదే విడిపోతుంది. ఇది వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువ, నిద్ర చాలనప్పుడు మరీ ఎక్కువ. ఆ రోజుల్లో ఈ నాలుగు ముక్కలు చెప్పేవాళ్ళుంటే అన్నేళ్ళు భయపడేదాన్ని కాదు. మీకెప్పుడైనా అలా అయితే బెదరకండి, మెల్లగా కాలి బొటనవేలు కదపడానికి చూడండి.

ఎడమ పక్క చెడ్డదైతే మన పెద్దలు భోంచేశాక వామకుక్షి అని ఎందుకంటారు? ఎడమకు తిరిగితే జీర్ణాశయం గొంతు గొట్టం కన్నా కిందకు ఉంటుంది, పులుపు పైకి ఎగదన్నదు. రాత్రి పదకొండింటికి బిర్యానీ తెప్పించుకుని తిని పడుకుంటే మాత్రం ఏ పక్కా కాపాడదు. గుండెల్లో మంట పదే పదే లేపుతుంది, లేచినప్పుడల్లా కలలు గుర్తుండిపోతాయి. తెల్లవారుజాము కలలు అంత గట్టిగా గుర్తుండడమూ ఇందుకే. కలల నిద్ర సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది, తెల్లవారేకొద్దీ సాగుతుంది, అందులోంచే లేస్తాం.

మన వీధిలో ఖాలా ఉంది కదా, వాళ్ళింట్లో పిల్లలకు కుడి చెయ్యి చెంప కింద పెట్టుకుని కుడి పక్కకు పడుకోవడం నేర్పుతారు. చెడ్డ కల వస్తే పక్క మార్చి పడుకొమ్మంటారు. నాకు ఆ మాట చాలా నచ్చింది. పక్క మారిస్తే నొక్కుకున్న చెయ్యి వదులవుతుంది, ఊపిరి ఆడుతుంది, మనసుకూ ఒక పని దొరుకుతుంది. మనింట్లో రాముడు, స్కందుడు, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు అని ఐదుగురిని తలుచుకుని పడుకోమంటాం. అదీ వదలొద్దు.

బన్నూ, చెల్లి భయపడినప్పుడు కారణం చెప్పే ముందు మంచినీళ్ళు ఇవ్వు. పరీక్షల టెన్షన్, జ్వరం, నిద్ర చాలకపోవడం, ఇవి పీడకలలను తెచ్చినంతగా ఏ పక్కా తేదు. అదే కల వారాల తరబడి వస్తుంటే మాత్రం అమ్మకు చెప్పండి, డాక్టర్‌కు చూపిస్తుంది.

చిట్టీ, నీకొక పని. పగటిపూట కూర్చుని ఆ కలను కాగితం మీద రాయి. చివర మాత్రం నీకు నచ్చినట్టు మార్చు. రోజూ పడుకునే ముందు ఆ కొత్త చివర ఒకసారి తలుచుకో. పీడకలలు తగ్గించడానికి డాక్టర్లు కూడా ఇదే చేయిస్తారు. నీ చెయ్యి పట్టుకున్నది ఎవరో, నిన్నెక్కడికి తీసుకెళ్ళాలనుకున్నారో నువ్వే నిర్ణయించు. దసరాకు వచ్చినప్పుడు ఆ కాగితం తీసుకురా, డాబా మీద చదివి వినిపిద్దువుగాని.

మీ నానమ్మ,
విద్యానగర్, హైదరాబాద్